బండి వదలకూడదు

డెస్ కనిపించడం లేదు. ఈ ముక్క రేలీన్ మనసులో రెండుసార్లు అనుకుని మూడోసారి పైకే అనేసింది, బండి బానెట్ మీద చెయ్యి ఆనించి, ఆ రేకు కాలుతోందని అరచెయ్యి చురుక్కుమన్నాక గాని తెలియక. ఇప్పుడే కదా ఇక్కడ కూర్చోబెట్టాను, ఈ పట్టా నీడలోనే, ఈ మడత కుర్చీలోనే, చేతికి నీళ్ళ గ్లాసిచ్చి, కదలకు డెస్, కిందకి దూరి ఒక్క నిమిషం చూసొస్తాను అని చెప్పి మరీ. ఆ ఒక్క నిమిషం ఎంతసేపయింది? పది నిమిషాలా, పావుగంటా? బండి కింద వెల్లకిలా పడుకుని, ఇంజను అడుగున రాయి తగిలి పగిలిన చోట వేళ్ళు పెట్టి తడిమి, నల్లగా కారి ఎర్రమట్టిలో ఇంకిపోయిన ఆయిలంతా చూసి, ఇక ఇది కదలదు అని తనకి తాను నచ్చజెప్పుకోవడానికి పట్టినంతసేపు. బయటికి వచ్చేసరికి కుర్చీ ఉంది, గ్లాసు ఉంది, గ్లాసులో సగం నీళ్ళున్నాయి, ఈగలున్నాయి. నలభై ఏళ్ళుగా మొగుడైన మనిషి లేడు. బండిలో గడియారం రెండుంపావు చూపిస్తోంది. నవంబరు నెల, ఈ దేశంలో ఎండాకాలం, నలభై మూడు డిగ్రీల ఎండ, ఊడ్నడాటా అనే ఎడారి ఊరికి వెళ్ళే దారి వదిలి నలభై కిలోమీటర్లు లోపలికి, ఏళ్ళ తరబడి ఎవరూ చదును చెయ్యని పాత బోరు దారి. చుట్టూ ఎరుపూ పసుపూ తెలుపూ చారలతో, నెత్తి కోసేసినట్టు బల్లపరుపుగా కొండలు. ఏ వైపు చూసినా ఒకేలా ఉన్న కొండలు.

బండి వదలకూడదు. ఈ నేల మీద బతికేవాళ్ళకి ఇంకే నీతీ లేకపోయినా ఫరవాలేదు గాని ఈ ఒక్కటీ ఉండి తీరాలి. ఎక్కడ ఆగిపోయావో అక్కడే ఉండు, నీడలో కూర్చో, నీళ్ళు తాగు, వెతుక్కుంటూ వచ్చేవాళ్ళ కోసం చూడు. ఈ మాట డెస్ ఎంతమందికి చెప్పాడో. ముప్పై ఒక్క ఏళ్ళు గ్రేడర్ నడిపినవాడు, ఈ మట్టి దారులన్నీ ఆ బారెడు ఇనప పలకతో గీకి గీకి చదును చేసినవాడు, దారిలో ఎదురైన ప్రతి యాత్రికుడినీ ఆపి, ఎండలో నిలబెట్టి, వాళ్ళు గడియారం చూసుకుంటున్నా వదలకుండా పాఠం చెప్పేవాడు. "బండి పెద్దది, నువ్వు చిన్నోడివి. పైనుంచి విమానంలో చూసేవాడికి బండి కనపడుద్ది, నువ్వు కనపడవు. అర్థమైందా? అయితే మళ్ళీ నాకు చెప్పు." చెప్పించుకునేవాడు కూడా, బళ్ళో పంతులు ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టు. అంత చాదస్తం ఊరికే రాలేదు. తొంభై ఒకటిలో ఒక మనిషి కోసం వెతకడానికి వెళ్ళిన వాళ్ళలో డెస్ ఒకడు. కారు చెక్కుచెదరకుండా ఉంది, డిక్కీలో ఇరవై లీటర్ల నీళ్ళున్నాయి, మనిషి మాత్రం నాలుగు కిలోమీటర్ల అవతల ఒక రాతి పంచన దొరికాడు. బట్టలన్నీ విప్పి మడత పెట్టి పక్కన పెట్టుకున్నాడట. "బూట్లలో సాక్సులు కూడా దోపి పెట్టాడు రే, నిద్రపోబోయే ముందు పెట్టుకున్నట్టు," అని ఆవిడకి చెప్పి, రేలీన్‌ని ముద్దుగా రే అంటాడాయన, రెండు రోజులు సరిగ్గా అన్నం ముట్టలేదు. ఎండ తలకెక్కితే మనిషి చివరికి అలా చేస్తాడని తరవాత ఎవరో చెప్పారు. డెస్ ఇవాళ బూట్లు కూడా వేసుకోలేదు. ఇంట్లో వేసుకునే మెత్తటి చెప్పులు, వద్దన్నా వినలేదు, పొద్దున్నే చెప్పుల గురించి గొడవెందుకులే అని తనే ఊరుకుంది. ఎందుకు ఊరుకున్నాను?

"డెస్!" అని అరిచింది. కొండలు ఆ పేరు తిరిగి ఇవ్వలేదు, మింగేశాయి. మళ్ళీ అరిచింది, ఈసారి గొంతు చీరుకుపోయి దగ్గొచ్చింది. జాడ చూద్దామంటే ఈ నేల మీద జాడే పడదు, కనుచూపు మేరంతా గుడ్లంతేసి ఎర్రటి రాళ్ళు, వేల ఏళ్ళ గాలికి నునుపు తేలి, ఒకదానికొకటి ఒరుసుకుని పరిచినట్టుంటాయి, గిబ్బర్ అంటారు వీటిని, ఏనుగు నడిచినా గుర్తుండదు. సీసాలో నీళ్ళు నింపుకుని ఆ రెండు కొండల మధ్య సందు వైపు నడిచింది, అటే వెళ్ళి ఉంటాడని ఎందుకనిపించిందో తెలియదు, బండి ఆగినప్పట్నించీ అటే చూస్తున్నాడు కాబట్టేమో. అడుగులు లెక్కపెట్టింది. రెండు వందలు. ఆగి వెనక్కి తిరిగింది.

బండి లేదు.

తెల్ల బండి, రెండు వందల అడుగుల దూరంలో వదిలిన బండి, ఎక్కడికి పోతుంది? నేలంతా నీళ్ళు పరిచినట్టు మెరుస్తోంది, కొండలు అడుగులు తెగిపోయి గాలిలో తేలుతున్నాయి, ఇటు చూస్తే అటు కొండ, అటు చూస్తే అదే కొండ. ఇలాగే పోతారు, సరిగ్గా ఇలాగే, అనుకుంది, తెలివితక్కువ వాళ్ళు కాదు పోయేది, రెండు వందల అడుగులే కదా అనుకున్నవాళ్ళు. కాళ్ళు పరుగెత్తమంటున్నాయి, ఎటో చెప్పడం లేదు. కళ్ళు మూసుకుని పది దాకా లెక్కపెట్టి తెరిచింది. ఎడమ పక్క, తను అనుకున్న చోటికి బొత్తిగా సంబంధం లేని చోట, అద్దం ఒక్క క్షణం తళుక్కుమంది. నేల కొంచెం పల్లంలోకి దిగింది, అంతే, పల్లం చాటున పడింది బండి. తిరిగొచ్చేంతవరకూ ఆ అద్దం మీంచి చూపు తిప్పలేదు, రాళ్ళు తన్నుకుని రెండుసార్లు బోర్లా పడబోయింది. వచ్చి తలుపు పట్టుకుని నిలబడి, సిగ్గు లేకుండా ఏడ్చింది. నాకే ఇలా అయితే ఆయనకి?

ఎవరైనా వస్తారు. రావాలి. మామూలుగా అయితే వస్తారు కూడా, ఎందుకంటే బండి వదలకూడదన్న దాని తరవాతి నియమం ఇంకొకటుంది: ఏ దారిన వెళ్తున్నావో, ఏ వేళకి చేరతావో ఎవరికైనా చెప్పి గాని కదలకూడదు. డెస్ అక్క కోరల్ ఇంట్లో ఫోను పక్కన పలక ఒకటి వేలాడుతూ ఉంటుంది, వచ్చేవాళ్ళ పేర్లూ దారీ వేళా సుద్దతో రాస్తుంది, మనిషి గుమ్మంలోకి వచ్చాకే తుడుస్తుంది, చీకటి పడినా తుడవని పేరుంటే పోలీసుకి ఫోను చేస్తుంది. నలభై ఏళ్ళలో ఆ పలక ముగ్గురిని బతికించింది. ఇవాళ ఆ పలక మీద తమ పేర్లు కూడా ఉన్నాయి. పొద్దున ఏడింటికి తనే ఫోను చేసి రాయించింది.

"ఏ దారినే వచ్చేది?" అంది కోరల్. డెబ్భై రెండేళ్ళు వచ్చినా గొంతులో జంకు లేదు.

"తారు రోడ్డే వదినా. ఈ పూటకి మార్లాలో ఆగి, రేపు మధ్యాహ్నం భోజనానికి నీ దగ్గరుంటాం."

"అదీ తెలివంటే. మా తమ్ముడు ఆ కొండల దారి పట్టిద్దామని చూస్తాడు, నాకు తెల్దా! అటు తిప్పాడో, చెవులు పిండి చేతికిస్తానని చెప్పు. ఈ ఎండల్లో కుక్క కూడా పోదు అటు."

"అయ్యో, అటెందుకు పోతాం వదినా."

ఎంత తేలిగ్గా వచ్చింది నోటికి. తారు రోడ్డు, రేపు మధ్యాహ్నం. రేపు చీకటి పడేదాకా కోరల్ బెంగపడదు, బెంగపడ్డాక విమానం లేచి తారు రోడ్డు మీద తిరుగుతుంది, ఇక్కడికి రెండు వందల కిలోమీటర్ల అవతల, రోడ్డు పక్క చెట్లన్నీ గాలించి, మార్లాలో అందరినీ అడిగి. ముగ్గురిని బతికించిన పలక మీద రేలీన్ తన నోటితో తప్పు రాయించింది. అరవై రెండేళ్ళ మనిషి, వంటలో ఉప్పు మరచిపోయినట్టు కాదు, కావాలని, ఆలోచించి, ఆడపడుచు తిడుతుందని చిన్నపిల్లలా భయపడి.

తిట్ల భయం ఒక్కటే కాదు. కోరల్‌కి తమ్ముడి సంగతి తెలియదు. ఎవరికీ తెలియదు. రెండేళ్ళుగా ఎవరింటికి పిలిచినా ఏదో వంక చెప్పి తప్పిస్తూ, ఫోనులో ఆయన తడబడితే పక్కనుంచి అందిస్తూ, నవ్వులోకి మారుస్తూ నెట్టుకొచ్చింది. కూబర్ పీడీలో తమది కొండలో తొలిచిన ఇల్లు, కిటికీలు లేవు, మొత్తం నాలుగు గదులు, ఆ నాలుగూ డెస్ తన చేతులతో తవ్వినవే. ఒక రోజు టీ పెట్టుకుంటానని లేచి, నడవాలో గోడ తడుముకుంటూ నిలబడిపోయాడు. "ఈ గది ఎవరు తవ్వారే? మనకి తెలీకుండా అవతలోడు మనింట్లోకి తవ్వేశాడా?" అన్నాడు. నవ్వుతాడేమోనని చూసింది. నవ్వలేదు. వెయ్యి కిలోమీటర్ల దారుల్లో ఏ వాగు ఎక్కడ దాటాలో, ఏ వాన తరవాత ఎన్నాళ్ళు ఆగాలో చెప్పగలిగిన మనిషి, సొంత వంటగదికి దారి తెలియక గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఆ పూట నుంచి భయం తన పక్కలో పడుకుంటోంది, లేస్తోంది, తనతో పాటే కాఫీ తాగుతోంది. వచ్చే బుధవారం ఆయన్ని పోర్ట్ అగస్టాలో ఒక వృద్ధాశ్రమంలో చేర్చాలి. పద్నాలుగో నంబరు గది, కిటికీలోంచి సముద్రపు పాయ కనిపిస్తుంది, మంచివాళ్ళే. ఈ సంగతి డెస్‌కి మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ మొదటిసారి విన్నట్టే ఏడ్చాడు, నేనేం చేశాను రే, నన్నెందుకు పంపిస్తావు అని. నాలుగోసారి చెప్పడానికి నోరు రాలేదు. వెళ్ళేలోపు ఒక్కసారి ఆ కొండలు చూపిద్దాం అనుకుంది. పెళ్ళికి ముందు తను డెస్ పనిచేసే రోడ్డు కూలీల క్యాంపులో వంటమనిషి, ఇరవై రెండేళ్ళు, అన్నీ మాడ్చేది. అందరూ తిట్టుకుంటూ తినేవాళ్ళు, డెస్ ఒక్కడే రెండోసారి వడ్డించమని కంచం చాపేవాడు. ఒకరోజు పొద్దున్నే గ్రేడర్ ఎక్కించుకుని ఇక్కడికే తీసుకొచ్చి, ఇంజను ఆపి, ఏమీ మాట్లాడకుండా గంటసేపు ఈ రంగులు చూపించి, చివరికి "మాడిన రొట్టె తినడం నాకు అలవాటైపోయింది, ఇక మానలేను" అన్నాడు. అదే పెళ్ళి మాట. అర్థం కావడానికి ఆవిడకి రెండు రోజులు పట్టింది.

అందుకే ఇవాళ పొద్దున దారి చీలిన చోట ఆయన ఉన్నట్టుండి నిటారుగా కూర్చుని "ఎడమకి తిప్పు రే, పాత బోరు దారి, వాగులో ఇసక నిండుగా ఉంటది, కుడి గట్టు పట్టుకో" అన్నప్పుడు ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. పేరు పెట్టి పిలిచాడు! దారి చెప్పాడు! ఆయన చెప్పినట్టే వాగు వచ్చింది, ఆయన చెప్పినట్టే కుడి గట్టు గట్టిగా ఉంది. ఆ తరవాత రెండు గంటలు తన డెస్సే, కొండ కొండకీ ఒక కథ, ఎక్కడ గ్రేడర్ పలక విరిగింది, ఎక్కడ పాము సీటు కింద దూరింది, ఏ మేస్త్రీ ఏ బావిలో కళ్ళజోడు పారేసుకున్నాడు. తను నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ నడిపింది. ఆ నవ్వులోనే రాయి చూసుకోలేదు. అడుగున పెద్ద చప్పుడయింది, ఏం కాలేదులే అని ఇంకో మూడు కిలోమీటర్లు పోనిచ్చింది, డెస్ బాగున్నాడు కదా, ఆపితే ఆ వెలుగు ఆరిపోతుందేమోనని. ఇంజను మూలిగి ఆగిపోయింది. ఆగగానే డెస్ తన వైపు తిరిగి మర్యాదగా నవ్వాడు, బస్సులో పక్క సీటావిడని చూసి నవ్వినట్టు. చూసింది ఆ నవ్వు. చూసి కూడా బండి కిందకి దూరింది.

ఆపదలో నొక్కితే ఆకాశానికి కబురు పంపే పసుపు పెట్టె ఒకటి ఎప్పుడూ డ్యాష్‌బోర్డు కింద బిగించి ఉంటుంది. బండి ఆగగానే అటే చెయ్యి పెట్టింది. పట్టీ ఉంది, పెట్టె లేదు. ఎక్కడుందో కూడా తెలుసు ఆవిడకి, చెంచాల సొరుగులో ఉంటుంది, లేదా పిండి డబ్బాలో, ఈమధ్య విలువైనవన్నీ డెస్ అలాగే జాగ్రత్త చేస్తున్నాడు. బయలుదేరేముందు ఒక్కసారి వంగి చూసి ఉంటే. అన్నీ రాసుకున్నావు కదే, మాత్రలు, మెత్తటి దిండు, ఆయనకిష్టమైన బిస్కెట్లు, అన్నీ టిక్కు పెట్టుకున్నావు. వంగి ఒక్కసారి చూడలేకపోయావా? చూడలేకపోయావా, చూడలేదా?

ఈ ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో గాని వచ్చాక పోలేదు. ఈగని తోలినట్టు తోలింది, మళ్ళీ వచ్చి వాలింది. పోనీ, అంటోంది లోపల ఎవరో, చాలా మెల్లగా, చాలా దయగా. పోనీలే, ఆ పద్నాలుగో నంబరు గదికన్నా ఇది నయం కాదూ, తన కొండల్లో, తను వేసిన దారి పక్కన, ఏ భయమూ లేకుండా నడుచుకుంటూ, నీ పేరు మరిచిపోయిన సంగతి కూడా తెలియకుండా. నువ్వు పంపించలేదు, ఆయనే వెళ్ళాడు. నువ్వు బండి వదలకూడదు కదా. రేలీన్ రెండు చేతులతో చెవులు మూసుకుంది, లోపలి మాటకి చెవులు మూసుకుంటే ఏం లాభం? ఈ ఆలోచన ఇప్పుడు పుట్టిందా, పొద్దున ఫోను పెట్టేసినప్పుడు పుట్టిందా? తారు రోడ్డు అని చెప్పిన నోట్లో తిట్ల భయమే ఉందా, ఇంకేమైనా ఉందా? తను చెడ్డదా? డెస్ ఇప్పుడు చెప్పులు విప్పుతున్నాడేమో. విప్పి పక్కపక్కన పెడుతున్నాడేమో.

"కాదు," అంది పైకే. "నాకొద్దు ఆ దయ. నాకాయన కావాలి. పిచ్చోడైనా కావాలి, ఎవరు నువ్వని అడిగినా కావాలి." ఎవరితో అందో తెలియదు, అన్నాక మాత్రం కాళ్ళు కదిలాయి. తను వెతకడానికి పోకూడదు, తను వెళ్తే ఇద్దరూ పోతారు. ఆయన్ని ఇటు రప్పించాలి. టైరు కాల్చాలి.

వెనక తలుపుకి బిగించిన అదనపు చక్రం విప్పడానికి పావుగంట పట్టింది, ఇనప బోల్టులు చేతుల్ని కాల్చాయి, గుడ్డ చుట్టుకుని తిప్పింది. దొర్లించుకుంటూ ముప్పై అడుగులు గాలివాలు వైపు తీసుకెళ్ళి పడేసింది. ముందు గాలి తియ్యాలి, గాలి ఉండగా కాలిస్తే పేలి మొహం పోతుంది, ఇది కూడా డెస్ చెప్పిందే. వాల్వు సూది తీస్తే బుస్సుమంటూ చాలాసేపు పోయింది, ఆ చప్పుడు వింటుంటే భయం కొంచెం తగ్గినట్టనిపించింది, ఏదో ఒకటి చేస్తున్నందుకు. చుట్టూ ఎండు తుప్పలు కాళ్ళతో తన్ని దూరంగా నెట్టింది. బండి పైన కట్టిన డబ్బాలోంచి డీజిలు పోసి అగ్గిపుల్ల గీసి వేస్తే చల్లారిపోయింది. ఇంకొకటి. అదీ అంతే. డీజిలు అంత తొందరగా అంటుకోదు, వత్తి కావాలి, నూలు గుడ్డ కావాలి. సంచిలో చెయ్యి పెట్టి చేతికందింది లాగితే డెస్ కొత్త చొక్కా వచ్చింది, ఆశ్రమానికని కొన్నది. అక్కడ ప్రతి బట్టకీ పేరు కుట్టి ఉండాలట, ఉతుకుల్లో కలిసిపోతాయని. పోయిన ఆదివారం కూర్చుని ఆరు చొక్కాలకీ కాలర్ లోపల తెల్ల పట్టీ మీద నల్ల దారంతో కుట్టింది, డెస్మండ్ అని. అది ఒక్క క్షణం చూసి, బర్రున చింపి, డీజిల్లో ముంచి, టైరు నడుమ కుక్కి వెలిగించింది. అంటుకుంది. మొదట గుడ్డ, ఆ తరవాత చాలాసేపటికి రబ్బరు, చిటపటమని, కంపు కొడుతూ, నల్లటి పొగ లావుగా, నిటారుగా, కొండల తల దాటి పైకి.

పొగ లేచాక చెయ్యడానికింకేమీ లేదు. అదే కష్టం. మడత కుర్చీలో కూర్చోలేక నేల మీద కూర్చుంది, చక్రానికి వీపు ఆనించి. చాలా ఎత్తున డేగ ఒకటి పొగ చుట్టూ ఒక చుట్టు తిరిగి, ఇదేదో తనకి పనికొచ్చేది కాదనుకుని వెళ్ళిపోయింది, లేదా పనికొచ్చేది ఇంకోచోట చూసిందా? అటే చూసింది ఎక్కడ దిగుతుందోనని, కళ్ళలో నీళ్ళు తిరిగి డేగ రెండైంది, నాలుగైంది, పోయింది. నీళ్ళు తాగాలి, తాగింది, ఆయన తాగకుండా నువ్వెలా తాగుతున్నావని సీసా పక్కన పెట్టేసింది. కొండల రంగు మారుతోంది, పొద్దు కొంచెం వాలితే చాలు పసుపు ఎరుపవుతుంది, ఎంత అందమని ఎన్నిసార్లు అనుకుందో, ఇవాళ ఆ ఎరుపు చూడబుద్ధి కావడం లేదు. ఈ కొండలకి తామెవరో తెలియదు. పెళ్ళి మాట ఇక్కడే అనుకున్నామని, ముప్పై ఒక్క ఏళ్ళు ఈయన వీటి కాళ్ళ దగ్గర మట్టి చదును చేశాడని వీటికి ఏమైనా పట్టిందా? మూడున్నర. టైరు సగం కాలింది. ఇది అయిపోతే బండికున్న నాలుగూ ఉన్నాయి, ఒక్కొక్కటీ విప్పుతాను, విప్పి కాలుస్తాను, సీట్లు కాలుస్తాను, ఈ కొండ మీద పొగ ఆగనివ్వను.

రాళ్ళు గలగలమన్నాయి. వెనకనుంచి. తను చూస్తున్న సందు అటుంది, చప్పుడు ఇటుంది, బండికి అవతల పక్క, వచ్చిన దారి మీద. చక్రం పట్టుకుని లేచింది. మెరుస్తున్న నేల మీద ఏదో పొడుగ్గా వణుకుతోంది, కాళ్ళు లేవు, తల లేదు, కాసేపు ఇద్దరిలా, కాసేపు ఎవరూ లేనట్టు. దగ్గరపడే కొద్దీ కాళ్ళు వచ్చాయి, కాళ్ళకి చెప్పులున్నాయి. మొహం కాలిన ఇటుకలా ఎర్రగా ఉంది, పెదవులు పగిలాయి. తడబడే నడక కాదు, రెండేళ్ళుగా నడవాలో చూసిన నడక కాదు. చేతులు ఊపుకుంటూ పెద్ద పెద్ద అంగలతో, పని మీద వస్తున్న మనిషి.

"ఏమ్మా, మీకేం కాలేదు కదా?" అన్నాడు డెస్. "పొగ చూసి వచ్చాను. నా గ్రేడర్ ఆ మలుపు అవతల ఆపేశాను. ఒక్కరే ఉన్నారా?"

తొమ్మిదేళ్ళయింది ఆయన గ్రేడర్ దిగి. రేలీన్‌కి ఆయన మెడ పట్టుకుని ఏడవాలనిపించింది, అలా చేస్తే బెదిరిపోతాడని తెలుసు, చేతులు వెనక్కి లాక్కుని తువ్వాలు తడిపి ఇచ్చింది. "మెడ మీద వేసుకోండి. నీళ్ళు తాగండి, మెల్లగా."

"ముందు మీరు."

ఆవిడ ఒక గుక్క తాగి చూపిస్తే గాని ఆయన సీసా అందుకోలేదు. అందుకున్నాక చాలాసేపు దించలేదు. నీడలోకి వచ్చి కూర్చున్నాడు, గుండెలు ఎగిరెగిరి పడుతున్నాయి, చేతి మీద చర్మం చెమట లేకుండా పొడిగా కాలుతోంది, ఆవిడ ఆ చేతి మీద నీళ్ళు పోస్తుంటే మర్యాదకి వద్దంటూనే పోయించుకున్నాడు. కాసేపటికి మంట వైపు చూసి తలూపాడు.

"గాలి తీసే కాల్చారా?"

"తీశాను."

"శెభాష్. ఎవరు నేర్పారు?"

"మా ఆయన."

"తెలిసినోడే. మరి ఎవరికైనా చెప్పి బయల్దేరారా, ఏ దారిన వస్తున్నారో?"

ఎండలో, ఈగల్లో, ఆ నీలం కళ్ళు తననే చూస్తున్నాయి, పరాయి ఆడమనిషి క్షేమం కోసం నిజంగా ఆదుర్దాపడుతూ. ఆయనకి ఆవిడ ఇంక అబద్ధం చెప్పలేకపోయింది. "చెప్పాను. తప్పు దారి చెప్పాను. ఆడపడుచు తిడుతుందని."

"తిట్లకి భయపడి ఎండకి భయపడలేదా తల్లీ?" అన్నాడు. కోపం లేదు, చిన్నగా నవ్వాడు కూడా. "సర్లే. పొగ చాలా దూరం కనపడుద్ది. పశువుల బోరుబావులు చూసుకునేవాళ్ళు ఎవరో ఒకరు తిరుగుతుంటారు. ఇంతకీ మీ ఆయనేడీ?"

రేలీన్ కొండల వైపు చూసింది. "నడిచి వెళ్ళాడు."

నవ్వు పోయింది ఆయన మొహంలోంచి. "బండి వదిలా? ఎంతసేపయింది?"

"గంట దాటింది."

"నీళ్ళు?"

"తీసుకెళ్ళలేదు."

డెస్ లేచి నిలబడ్డాడు. లేస్తూ తూలాడు, బండి తలుపు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. "మీరిక్కడే ఉండండి, ఏం జరిగినా కదలొద్దు. నేను వెళ్ళి తీసుకొస్తా ఆయన్ని. ఇలా వెళ్ళినోణ్ణి ఒకణ్ణి చూశాను నేను, ఇంకోణ్ణి చూడలేను," అంటూ సీసా అందుకున్నాడు, ఎండలోకి ఒక అడుగు వేసేశాడు.

ఆవిడ రెండు చేతులతో ఆయన చొక్కా పట్టుకుంది. లాగితే వదిలించుకుంటాడు, బలం ఇంకా ఉంది, ఆ పట్టుదల ఇంకా ఉంది, అరవై ఎనిమిదేళ్ళ గ్రేడర్ మనిషి తన కోసం తనే వెతుక్కుంటూ ఆ కొండల్లోకి వెళ్ళిపోతాడు, ఈసారి తిరిగి రాడు. ఆపాలి. ఏం చెప్పి ఆపాలి? నువ్వే ఆయనవి అంటే నమ్ముతాడా, నమ్మితే ఏమవుతాడు?

"ఆగండి. ఆయనెలా ఉంటాడో తెలీకుండా వెతకడానికి ఎలా వెళ్తారు?" అంది. "కూర్చోండి, చెప్తాను."

ఆయన ఆగాడు. ఆలోచించాడు. పద్ధతి తెలిసిన మనిషికి ఆ మాట సబబుగా తోచింది. వచ్చి మళ్ళీ నీడలో కూర్చున్నాడు. "నిజమే. ఆనవాళ్ళు చెప్పండి. తొందరగా."

తొందరగా చెప్పకూడదు. ఇది అయిపోతే లేస్తాడు. ఎవరైనా వచ్చేదాకా, పొద్దు వాలేదాకా, ఎంతసేపైనా, ఇది అవ్వకూడదు. రేలీన్ ఆయన ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుని, తువ్వాలు మళ్ళీ తడిపి మెడ మీద వేసి, ఆ మొహంలోకి చూసింది.

"పొడుగ్గా ఉంటాడు," అంది. "ఎడమ కనుబొమ దగ్గర చిన్న గాటుంటుంది, ఇనప తీగ తగిలింది, పెళ్ళైన ఏడాది. నవ్వితే ముందు కళ్ళే నవ్వుతాయి. మాడిన రొట్టె తింటాడు, ఇంకెవరూ తినరు..."

"ఊఁ," అన్నాడు డెస్, కళ్ళు చిట్లించి, ఒక్కో గుర్తూ మనసులో పెట్టుకుంటూ. "ఇంకా?"

ఆవిడ చెబుతూనే ఉంది. ఆయన, దొరికితే గుర్తుపట్టాలి కదా అని, శ్రద్ధగా వింటున్నాడు.